హెచ్‌పీఎల్‌సీ: ముందు తెర మీద, తర్వాత ల్యాబ్‌లో

ఎం.ఫార్మసీ అనాలిసిస్‌లో చేరాను గానీ, మా కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ, అంటే మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం, ఒక్కటే. అందులో వాడే ద్రావణి అసిటోనైట్రైల్ ఖరీదు, పదార్థాలు విడిపోయే గొట్టం, అదే కాలమ్, ఇంకా ఖరీదు. అందుకే మొదట్లో సార్ నడుపుతుంటే చుట్టూ నిలబడి చూడటమే మా పని. పరవాడలోనైనా జీడిమెట్లలోనైనా ఫార్మా కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగానికి వెళ్తే మాత్రం ప్రశ్నలన్నీ దాని మీదే. ఆ టెన్షన్‌లోనే హెచ్‌పీఎల్‌సీని కంప్యూటర్ తెర మీదే నడిపి చూసుకునే, ఉచితంగా దొరికే సిమ్యులేటర్ ఒకటి తెరిచాను.

మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పంపే ద్రావణి మిశ్రమం) నిష్పత్తి, ఫ్లో రేటు, ఉష్ణోగ్రత, కాలమ్ పొడవు, అందులోని రేణువుల సైజు... ఏది మార్చినా గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికీ వచ్చే పీకులు అప్పటికప్పుడే కదులుతాయి. సీ18 రకం కాలమ్‌లో అసిటోనైట్రైల్ 10 శాతం పెంచితే పీకులన్నీ ముందుకొచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తగ్గిస్తే విడిపోయాయి, కానీ రన్‌కి పట్టే సమయం బాగా పెరిగింది. రిజల్యూషన్ (పీకులు ఎంత విడిపోయాయో చెప్పే కొలత) 1.5 దాటాలి, రన్ సమయం పెరగకూడదు. మెథడ్ డెవలప్‌మెంట్ (పరీక్ష పద్ధతి తయారుచేయడం) అంటే ఈ పేచీ తేల్చడమేనని అక్కడే అర్థమైంది. నిజం మెషీన్ మీదైతే ప్రతి మార్పుకీ కాలమ్ స్థిరపడేదాకా ఆగాలి.

నన్ను బాగా పట్టేసింది ప్రెజర్, అంటే ద్రావణిని కాలమ్ గుండా నెట్టడానికి పంపుకు కావాల్సిన ఒత్తిడి. మిగతావన్నీ అలాగే ఉండి రేణువులు 5 మైక్రాన్ల నుంచి 2.5కి తగ్గితే ప్రెజర్ నాలుగింతలవుతుంది. మెథనాల్ నీళ్లకన్నా పల్చన. అయినా రెండూ దాదాపు సగం సగం కలిపినప్పుడు ప్రెజర్ విడివిడిగా ఉన్నప్పటికన్నా ఎక్కువ. ఎందుకా అని వెతికితే, ఆ మిశ్రమం స్నిగ్ధత (చిక్కదనం) అక్కడే గరిష్ఠమట. పుస్తకంలో ఆ గ్రాఫ్ ఎప్పటినుంచో ఉంది, ఎవరం ఆగి చూడలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. మొబైల్ ఫేజ్‌ని 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టడం, సోనికేటర్‌లో పెట్టి గాలి తీయడం, పంపు పర్జ్ చేయడం (లోపలి గాలిని ద్రావణితో వెళ్లగొట్టడం) సిమ్యులేటర్‌లో లేవు. ప్రెజర్ ఊగుతుంటే పంపులో గాలి బుడగ ఉందేమో చూడమన్నారు సార్. ఫాస్ఫేట్ బఫర్ అనే లవణ ద్రావణం వాడాక నేరుగా అసిటోనైట్రైల్ పంపితే లవణం అవక్షేపమై కాలమ్ పూడుకుపోతుంది, ముందు నీళ్లు ఎక్కువున్న మిశ్రమంతో కడగాలి. ఇవన్నీ చేతితో చేస్తేనే వస్తాయి. కానీ స్క్రీన్ మీద ప్రెజర్ అంకె చూడగానే అది ఉండాల్సినంతే ఉందని నాకు తెలిసింది. ఆ ధైర్యం సిమ్యులేటర్ ఇచ్చిందే.

సార్‌తో మాట్లాడితే జూనియర్లకూ ఇదే పెట్టారు. వాళ్లు పరీక్షించబోయే మందు సిమ్యులేటర్ జాబితాలో లేకపోయినా, ఏది పెంచితే పీకు ఎటు జరుగుతుందో, ప్రెజర్ సుమారు ఎంతుంటుందో రాసుకుని ల్యాబ్‌కి రావాలి. ఎవరి అంచనా ఎక్కడ తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నదే ఆ రోజు వైవా.