నలభై నిమిషాల సీను

మన స్కూలు పూర్వ విద్యార్థుల సావనీరుకి రెండు పేజీలు రాయమని కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. "నువ్వు సిరీస్‌లకి రాస్తావు కదా, సినిమాల్లో హైస్కూలు, మన హైస్కూలు అని ఏదో ఒకటి లాగించెయ్" అన్నాడు మనం టవర్ అని పిలిచే క్లాస్‌మేట్. వాడి గొంతు ఇంకా పదో తరగతి దగ్గరే ఉంది. సరే అన్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతులు నాకు అసలు గుర్తులేవని మాత్రం చెప్పలేదు.

గుర్తున్నదల్లా వార్షికోత్సవం నాటకం. హీరో ఎవరో, ఆ విగ్గు చివరికి ఏమైందో మీకు తెలుసు, మళ్లీ ఎందుకు. సినిమాల్లో చూసిందంతా అందులో కుక్కేశాం. హీరో వరండాలో నడిచొస్తుంటే అందరూ పక్కకి తప్పుకోవడం, అందగత్తెల గుంపు ఒకటి, కళ్లద్దాల చదువరి ఒకడు, వాణ్ని ఏడిపించే రౌడీ ఒకడు, ఆఖర్లో కళ్లద్దాలు తీయగానే చదువరి అందగాడైపోవడం. కళ్లద్దాలు తీశాక మనవాడికి స్టేజీ మెట్లు కనపడలేదు, అది వేరే సంగతి.

రిహార్సల్ రోజు సోషల్ మాస్టారు వచ్చి వెనక కూర్చున్నారు. క్లాసు సీను నడుస్తోంది. టీచర్ వేషం వేసినవాడు ఒక్క ముక్క చెప్పాడో లేదో బెల్లు. మాస్టారు లేచారు.

"ఒరేయ్, క్లాసు మొదలై ఎంతసేపైందిరా?"

"నిమిషం సార్."

"అప్పుడే బెల్లా? నా పీరియడ్‌లో ఎప్పుడైనా అలా కొట్టారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో ఏంటి, నేనే. దాంతో అందర్నీ స్టేజీ మీదే బెంచీల్లో కూర్చోబెట్టి, చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టారు. నలభై నిమిషాలు. డైలాగు లేదు, కథ లేదు, ఊరికే కూర్చోవాలి. ఆయన మమ్మల్ని చూస్తూ కాగితం మీద రాసుకుంటూ పోయారు. టైమైపోయాక చదివారు. ఏడో నిమిషం: ఒకమ్మాయి జడ చివర చూసుకుని, తెగిన వెంట్రుక పీకింది. పదిహేడు: కిటికీ దగ్గరవాడు బెంచీ మీద పాత గీతనే స్కేలుతో ఇంకా లోతు చేస్తున్నాడు. ఇరవై మూడు: ఒకడు పెన్ను క్యాప్ మింగబోయాడు. (ఇప్పుడు పెద్ద డాక్టరు, పేరు చెప్పను.) ముప్పై ఒకటి: ఇద్దరు దేనికో నవ్వాపుకోలేకపోయారు, దేనికని అడిగితే వాళ్లకే తెలియదు.

"నాటకంలో ఇది పెట్టండ్రా" అన్నారు. మేం పెట్టలేదు. హీరో నడకకి బోలెడు చప్పట్లు.

ఈ పనిలోకి వచ్చాక అర్థమైంది, తెర మీద హైస్కూలు అలా తయారవడానికి సగం కారణం షూటింగ్ ఇబ్బందులే. పిల్లలతో రోజుకి ఇన్ని గంటలే పని చేయించాలని నిబంధనలుంటాయి. పైగా ఒక సీజన్ నుంచి ఇంకో సీజన్‌కి వచ్చేసరికి గొంతు మారిపోతుంది, ప్యాంటు పొట్టైపోతుంది. అందుకే పెద్దవాళ్లకి యూనిఫాం తొడుగుతారు. 1978లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'గ్రీజ్'లో విద్యార్థినిగా వేసిన స్టాకర్డ్ చానింగ్‌కి షూటింగ్ నాటికి 33 ఏళ్లు. 1990లో అమెరికన్ టీవీ సిరీస్ 'బెవర్లీ హిల్స్ 90210' మొదలైనప్పుడు, అందులో టీనేజ్ అమ్మాయిగా కనిపించిన గాబ్రియెల్ కార్టెరిస్‌కి 29. ఆ వయసు మొహం మీద మొటిమలెందుకుంటాయి? మనమేమో అలాంటివాళ్లని చూసొచ్చి అద్దం ముందు ఏడ్చాం. నేనైతే టూత్‌పేస్ట్ రాసుకుని ప్రేయర్‌కి వచ్చాను, మర్చిపోయి ఉండరు.

స్కూలు కథలు ఇప్పటికి మూడు రాశాను. మూడోదాన్ని బాగానే చూశారు, మీలో కొందరు మెసేజ్‌లు కూడా పెట్టారు, థాంక్స్. అందులో ఒకమ్మాయి బెల్లు కోసం ఎదురుచూస్తూ ఊరికే కూర్చునే సీను ఉంది. నేను రాసింది రెండు నిమిషాలు. "ఏం జరగట్లేదు కదండీ" అని ఎడిటింగ్‌లో నలభై సెకన్లకి కోశారు. ఆ నలభై సెకన్ల కోసం నేను చేసిన గొడవ చూసుంటే మాస్టారు నవ్వేవారు.

టవర్, ఆ బెంచీ ఇంకా ఉంటే గీత ఎంత లోతుందో చూసి ఫోటో పెట్టు.