రెండు మెషిన్లు, ఒకటే ఐపీ

మంగళవారం. పొద్దున్నుంచీ ఒకటే ఉక్కపోత. ఋషికొండ మీద మా ఆఫీసు అద్దాల్లోంచి సముద్రం కనిపిస్తుంది గానీ, గాలి మాత్రం లోపలికి రాదు.

టెస్టింగ్ వాళ్లకి వారానికి నాలుగైదు వర్చువల్ మెషిన్లు (సర్వర్లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) కావాలి. ప్రతిసారీ ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం, అప్‌డేట్లు, యూజర్లు... అదే చాకిరీ. నకళ్లు తీసుకోడానికి అచ్చులాంటి టెంప్లేట్ ఒకటి చేసి పడేస్తే గొడవ వదులుతుందని నేనూ, మా శ్రీకాకుళం కుర్రాడూ కూర్చున్నాం. ఈ మెషిన్లని నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మెషిన్ సిద్ధం చేసి, టెంప్లేట్‌గా మార్చి, రెండు క్లోన్లు (నకళ్లు) తీశాం. పదకొండింటికల్లా అయిపోయింది. టీ తాగొచ్చాం కూడా.

"ఏటక్కా ఇది, ఒకదాంట్లోకెళ్తే ఇంకోటి తెగిపోతంది!"

చూస్తే రెండింటికీ ఒకటే ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో ఒకటే చిరునామా. నెట్‌వర్క్ కార్డులకుండే మ్యాక్ అడ్రసులు వేరుగానే ఉన్నాయి. ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌దే తప్పని నెట్‌వర్క్ ఆయనకి కొంచెం గట్టిగానే మెసేజ్ పెట్టాను. తప్పు నాదే. రెండు మెషిన్లలోనూ వాటి గుర్తింపు నంబరుండే మెషిన్ ఐడీ ఫైలు తెరిచి పక్కపక్కన పెడితే, 32 అక్షరాలూ అచ్చం ఒకటే. ఇద్దరు మనుషులకి ఒకటే ఆధార్ నంబరన్నమాట! ఉబుంటు సర్వర్ ఐపీ అడిగేటప్పుడు చెప్పుకునే గుర్తింపు మ్యాక్ అడ్రసు కాదు, ఆ ఐడీ నుంచి తయారయ్యేది. డీహెచ్‌సీపీ సర్వర్ పాపం ఒకే మెషిన్ మళ్లీ అడుగుతోందనుకుంది. నెట్‌వర్క్ ఆయనకి సారీ చెప్పాను. "పర్లేదమ్మా" అన్నారు, ఆ 'అమ్మా'ని కాస్త సాగదీసి.

టెంప్లేట్‌గా మార్చాక దాన్ని స్టార్ట్ చెయ్యడం కుదరదు. దాన్నుంచి ఫుల్ క్లోన్ (సొంత డిస్కున్న పూర్తి నకలు) తీసి, అందులో మెషిన్ ఐడీ ఫైలుని ఖాళీ చేశాం. ఫైలు ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు. అప్పుడు మొదటిసారి బూట్ అయినప్పుడు కొత్త ఐడీ అదే పుట్టించుకుంటుంది. మొదటి బూట్‌లో సెట్టింగులు చేసే క్లౌడ్-ఇనిట్ జ్ఞాపకాలు కూడా తుడిచేశాం. షట్‌డౌన్ చేసే ముందు, ఎందుకో, కీబోర్డు మీద పై బాణం నొక్కాను. పొద్దున నేను కొట్టిన కమాండ్లన్నీ వరసగా వచ్చాయి, 'సుడో'ని మూడుసార్లు తప్పు కొట్టడంతో సహా. ఒక లైన్లో డేటాబేస్ పాస్‌వర్డ్! అది గనక ప్రతి క్లోన్‌లోకీ వెళ్లుంటే? హిస్టరీ చెరిపేసి, పాస్‌వర్డు కూడా మార్చేశాను. ఐపీ గొడవకంటే దానికే ఎక్కువ టెన్షన్ పడ్డాను.

ఆ క్లోన్‌నే షట్‌డౌన్ చేసి కొత్త టెంప్లేట్‌గా మార్చాం. పాత టెంప్లేట్ తీసెయ్యబోతే ప్రాక్స్‌మాక్స్ ఒప్పుకోలేదు. పొద్దుటి క్లోన్లు రెండూ లింక్డ్ క్లోన్లు, దాని డిస్కు మీదే బతుకుతున్నాయి. ముందు వాటిని తీసేశాం.

ఆరింటికి కొత్త క్లోన్లు రెండు లేచాయి, వేరువేరు ఐపీలతో. కుర్రాడు రెండింట్లోకీ ఒకేసారి లాగిన్ అయి, ఏదీ తెగడం లేదని ఐదు నిమిషాలు అలా చూస్తూ కూర్చున్నాడు.