అంతర్వేది తీరంలో ఒక లెక్క

అంతర్వేది దగ్గర వేసవిలో మళ్ళ గట్ల మీద తెల్లగా పేరుకున్న ఉప్పును వేళ్ళతో నలిపినప్పుడల్లా, సముద్రం ఇంకెంత లోపలికి వస్తుందన్న ప్రశ్న నన్ను వదలదు. దీనికి జవాబు వెతికే శాస్త్రవేత్తలు భూగోళాన్ని గళ్ళుగా విభజించి, ఒక్కో గడిలో గాలి, తేమ, వేడి, సముద్ర ప్రవాహాలు ఎలా మారతాయో భౌతికశాస్త్ర సూత్రాల ప్రకారం సూపర్ కంప్యూటర్లతో లెక్కిస్తారు. ఈ లెక్కల అల్లికనే వాతావరణ నమూనా అంటారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ కూడా ఇలాంటి నమూనాను రూపొందించింది.

నాకు నమ్మకం కలిగించేది గతం మీద జరిపే పరీక్ష. 1850 నుంచి నమూనాను నడిపినప్పుడు, మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కలోంచి తీసేస్తే ఇటీవలి దశాబ్దాల్లో నిజంగా కొలిచిన వేడి అందులో కనిపించదు, చేరిస్తే కనిపిస్తుంది.

భవిష్యత్తుకు మాత్రం ఒకే జవాబు ఉండదు, ఎందుకంటే ఎంత ఇంధనం కాలుస్తామన్నది మన చేతిలోనే ఉంది. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం (ఐపీసీసీ) 2021 నాటి నివేదిక ప్రకారం, 1995–2014 సగటుతో పోలిస్తే 2100 నాటికి ప్రపంచ సముద్రమట్టం, ఉద్గారాలు, అంటే మనం గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు, బాగా తగ్గితే 0.28 నుంచి 0.55 మీటర్లు, బాగా పెరిగితే 0.63 నుంచి 1.01 మీటర్లు పెరిగే అవకాశం ఉంది. అయితే నమూనాలో ఒక్కో గడి తరచుగా 100 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కనుక కోనసీమ దాదాపు అంతా ఒక్క గడిలోనే ఇమిడిపోతుంది. మా ఏటిగట్టూ, మురుగుకాలువా అందులో కనబడవు. డెల్టా నేలను నిలబెట్టే ఒండ్రు ఎగువ ఆనకట్టల వెనుక ఆగిపోతోంది, ఆ లెక్కను మనం విడిగా కలుపుకోవలసిందే.