ఇంటి పెరట్లో కట్టిన జీపుకు ఆర్సీ: విజయనగరంలో నా అనుభవం

సొంతంగా కారు కట్టి రోడ్డు మీద తిప్పొచ్చా అని మా వైపు కుర్రాళ్లు చాలామంది అడుగుతున్నారు. కట్టొచ్చు, రిజిస్ట్రేషన్ మాత్రం అవ్వదు. కొత్త బండికి ఆర్సీ రావాలంటే అమ్మినవాళ్లిచ్చే ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 రెండూ ఉండాలి. బండి పొగ నిబంధనలకూ భద్రతా ప్రమాణాలకూ సరిపోతుందని చెప్పే కాగితం ఆ ఫారం 22. అది ఇవ్వాలంటే ముందు ఆ మోడల్ నమూనా పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి చోట పరీక్షలు నెగ్గాలి. ఆ ఖర్చు కంపెనీలు భరించగలవు గానీ పెరట్లో ఒక్క బండి కట్టుకునేవాడి వల్ల కాదు. బ్రిటన్‌లో అయితే ఇంట్లో కట్టిన కారును ఒక్కదాన్నే విడిగా పరీక్షించి ఆమోదించే ఐవీఏ పద్ధతి ఉంది. పొగ పరిమితి కూడా ఇంజన్ వయసును బట్టి చూస్తారు. అలాంటి దారి మన చట్టంలోనూ రావాలని నా గట్టి కోరిక.

అది వచ్చేదాకా ఆగకుండా నేను వేరే దారి పట్టాను. ఆర్సీ ఉన్న పాత బండి తీసుకుని, నట్టు నట్టూ విప్పి, మళ్లీ కట్టడం. బొబ్బిలిలో మా మేనమామ దగ్గర 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది. ఏపీ 35 నంబరు, ప్యూజో డీజిల్ ఇంజన్. చాలాకాలంగా కొట్టంలోనే ఉండిపోయింది. ఆర్సీ గడువు 2024లో తీరింది. "తీసుకెళ్లరా, నీ చేతిలోనైనా బతుకుద్ది" అన్నాడు మామయ్య.

విజయనగరం తెచ్చి విప్పడం మొదలుపెట్టగానే నాకు తోడుగా వచ్చిన మెకానిక్ బాబాయ్ ఒక మాట అన్నాడు. "ఏటి బాబూ, ఈ పాత ఇంజన్‌తో తిప్పలెందుకు? టర్బో ఇంజన్ ఒకటి చూసి పెడతాను, గాల్లో పోద్ది." ప్రేమతో అన్న మాటే. నేను మాత్రం ఒప్పుకోలేదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అందుకే పాత ఇంజన్‌నే బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేయించాం. బాడీ రేకులు కుళ్లిన చోట అదే కొలతతో కొత్తవి వేశాం. రంగు కూడా ఆర్సీలో ఉన్నదే. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, స్పానర్ పట్టుకునే ముందు ఆర్సీ చేతిలోకి తీసుకుని ప్రతి గడీ చదవండి. అందులో ఏముందో బండి మీద అదే ఉండాలి.

చాసిస్ నంబరు విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. ఫ్రేమ్ తుప్పు వదిలించడానికి గ్రైండర్ పెట్టే ముందు ఆ నంబరున్న చోటు చుట్టూ సుద్దతో గీత గీసుకున్నాను. అక్కడ గ్రైండర్ తగలనివ్వలేదు. కిరసనాయిలు, పాత టూత్ బ్రష్, మెత్తటి గుడ్డ, అంతే. ముప్పై ఏళ్ల మడ్డి కింద నుంచి అంకెలు ఒక్కొక్కటీ తేలుతుంటే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాను. ఆఖరి అంకె 3 అవునో 8 అవునో అని అప్పటిదాకా ఒకటే టెన్షన్. కాగితం మీద 3 స్పష్టంగా పడింది, ఆర్సీలోనూ అదే.

కాగితాల్లో ఎక్కువ కాలం తిన్నది బ్యాంకు పని. మామయ్య అప్పెప్పుడో తీర్చేశాడు గానీ ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోయింది. బ్యాంకు వాళ్లకు పాత రికార్డు దొరికి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ ఇచ్చి, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 మీద సంతకం పెట్టేసరికి సంక్రాంతి దాటిపోయింది. రెన్యువల్ మామయ్య పేరు మీదే చేయించాం. ఆ తర్వాతే యజమాని పేరు మార్పిడికి ఫారం 29, 30 పెట్టి నా పేరుకు మార్చుకున్నాం.

ఇక పొగ సంగతి. పాత డీజిల్ బండి ఎలాగూ పాస్ కాదని అందరూ భయపెడతారు. నిజానికి ఏ కాలం బండికి ఆ కాలం పరిమితే. బీఎస్-4 (భారత్ స్టేజ్ పొగ ప్రమాణాల్లో నాలుగో దశ) కంటే ముందు డీజిల్ బండ్లకు పొగ సాంద్రత 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటకూడదు, బీఎస్-4 వాటికి 50. పరీక్షలో ఇంజన్ బాగా వేడెక్కాక సైలెన్సర్ గొట్టంలో ప్రోబ్ పెట్టి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కి వదులుతారు. అలా కొన్నిసార్లు తొక్కి సగటు తీస్తారు. మాది మొదట 78 చూపించింది.

లోపం ఎక్కడుందో సాలూరులో తేలింది. లారీల ఊరు కాబట్టి అక్కడ డీజిల్ పంపు, నాజిల్ పని తెలిసిన చేతులున్నాయి. మిస్త్రీ నాజిళ్లు నాలుగూ విప్పి టెస్టర్‌కు ఒక్కొక్కటీ బిగించి లివర్ నొక్కాడు. మూడు చక్కగా మంచులా చిమ్మాయి. నాలుగోది చిమ్మడం లేదు, కారుతోంది. నొక్కడం ఆపాక కూడా దాని మొన మీద చుక్క నిలబడి ఉంది. "ఆ చుక్కే బాబూ మీ నల్ల పొగ" అన్నాడు. పొగమంచులా వెళ్లాల్సిన డీజిల్ చుక్కలుగా పడితే పూర్తిగా కాలదు, మిగిలింది మసిగా బయటికొస్తుంది. నాలుగు నాజిళ్లూ మార్చి, పంపు కాలిబ్రేషన్ చేయించి, ఎయిర్ ఫిల్టర్ గిన్నెలో ఆయిల్ కొత్తది పోశాం. ఈసారి 41 వచ్చింది. టెస్టింగ్ కుర్రాడు నంబరు ప్లేటు ఫొటో తీసి వివరాలు ఎక్కిస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఆ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు చేతికొచ్చాక రెన్యువల్ దరఖాస్తు ఫారం 25 పెట్టి ఆర్టీఓ తనిఖీకి స్లాట్ తీసుకున్నాం. గడువు తీరిన బండిని రోడ్డు మీద నడపకూడదు గనక రికవరీ వ్యాన్ మీదే తీసుకెళ్లాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు లైట్లు, హారన్, హ్యాండ్ బ్రేక్ చూసి, వంగి చాసిస్ నంబరు తానే చదివి, నా పెన్సిల్ ప్రింటుతో సరిపోల్చుకున్నారు. "ఇంజన్ మార్చలేదా?" అని అడిగారు. లేదన్నాను. బోరింగ్ బిల్లు కూడా చూపించాను. సంతకం పెట్టారు.

కారు, జీపు తరగతికి అప్పుడు రెన్యువల్ ఫీజు 5,000, ఆలస్యానికి నెలకు 500, దాని మీద గ్రీన్ టాక్స్. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన ఈ తరగతి బండ్లకు ఫీజు 10,000 అయింది. లెక్క వేసుకునేటప్పుడు ఇది మరచిపోకండి. డీజిల్‌కు పదేళ్లేనని భయపెట్టేవాళ్లూ ఉంటారు. ఆ నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది, మనది కాదు.

రెన్యువల్ ఐదేళ్లకు వచ్చింది. పొగ సర్టిఫికెట్ మాత్రం ఆరు నెలలకే. అది తీరే ముందు నాజిళ్లు ఒకసారి సాలూరు తీసుకెళ్లి టెస్టర్ మీద చూపించుకుంటున్నాను. మళ్లీ ఫారం 25 పెట్టే వేళకు ఆలస్యం పడకుండా, గడువుకు ముందు 60 రోజుల్లోనే స్లాట్ తీసుకుంటాను. ఆ తేదీ ఇంట్లో క్యాలెండర్ మీద కాదు, జీపు డ్యాష్‌బోర్డు లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టాను.