కోనసీమలో కాగితాలు మడిచిన మూడు రోజులు

సంక్రాంతి వెళ్లిన వారం, తెల్లారగట్ల రాజమండ్రిలో రైలు దిగా. బ్యాగులో రెండు జతల బట్టలు, మిగతాదంతా కాగితాలే. ఒక ఏ4 కట్ట, దబ్బనం, స్టీలు స్కేలు, కట్టరు, పొడుగు స్టేప్లరు, ఇంకా హైదరాబాద్‌లో చేసి తెచ్చుకున్న ఇరవై అయిదు జీన్‌లు. స్టేషన్ బయట స్కూటీ మీద ఎదురుచూస్తున్న నా ఫ్రెండు బ్యాగు ఎత్తి చూసి "ఇటుకలు తెచ్చావేంటే" అంది.

జీన్ అంటే తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మ్యాగజీన్ అన్న మాటకి తోక అది. ఎడిటర్ ఉండడు, ప్రెస్సు ఉండదు, మనకి చెప్పాలనిపించింది మనమే రాసి, బొమ్మలేసి, జిరాక్స్ తీయించి, మడిచి, కుట్టి ఎవరో ఒకళ్ల చేతిలో పెట్టే చిన్న పుస్తకం అన్నమాట. అమెరికాలో 1930ల్లో సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఇలాంటివి చేసి పోస్టులో పంపుకునేవాళ్లు, వాటికి 1940లో ఫ్యాంజీన్ అన్న పేరొచ్చింది, 1970ల్లో లండన్ పంక్ కుర్రాళ్లు జిరాక్స్ మిషన్ల మీద పడ్డారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసాయి. నేను మొదలుపెట్టింది మాత్రం అమ్మ చేతిరాత కోసం. మా అమ్మ వంటింటి డబ్బాలకి కాగితం ముక్కలు అంటించి వాటి మీద కందిపప్పు, మెంతులు, ఎండుమిరపకాయలు అని రాస్తుంది, ధనియాలులో ధకి వత్తు ఎప్పుడూ పెట్టదు. ఆ అక్షరాలన్నీ ఉన్నవి ఉన్నట్టు గీసి ఎనిమిది పేజీల్లో పెట్టా. ఆ ఇరవై అయిదు కాపీలూ అవే.

నాలాంటి పిచ్చి ఉన్నవాళ్లం కొంతమందిమి ఏడాదిగా పోస్టులో ఒకళ్లవొకళ్లకి పంపుకుంటున్నాం, మొహాలు చూసుకున్నది తక్కువ. మా ఫ్రెండుకి అంబాజీపేట దగ్గర ఒక ఊళ్లో అమ్మమ్మ గారి మండువా ఇల్లు ఉంది, అందరం అక్కడ చేరి చేసుకుందాం రమ్మంది. అలా బయల్దేరింది ఈ ప్రయాణం.

రావులపాలేనికి హైవే మీద పోకుండా కావాలనే ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా తీసుకెళ్లింది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడు మనం బండి వేసుకెళ్లేది దాని బదులు తర్వాత కట్టిన బ్యారేజీ. జనవరి పొద్దున్న మంచులో అవతలి ఒడ్డు కనపడలేదు, నీళ్లు, నీళ్ల మీద పొగ, మధ్యలో మా స్కూటీ. ఇదే ధవళేశ్వరంలో బడిపంతులుగా ఉన్న రోజుల్లోనే కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు, మొదట్లో మద్రాసులో అచ్చు వేయించి తెప్పించుకునేవారట, తర్వాత రాజమండ్రిలోనే సొంత ప్రెస్సు పెట్టుకున్నారు. చెప్పాలనుకున్న మాట ఉండి అచ్చు యంత్రం ఎక్కడో దూరాన ఉంటే ఎలా ఉంటుందో నాకు ఆ బ్యారేజీ మీద చాలా గట్టిగా తట్టింది. ఇవాళ మాకు ప్రతి సెంటర్లోనూ ఒక జిరాక్స్ షాపుంది.

బొబ్బర్లంక దాటి ఆత్రేయపురంలో ఆగాం. పూతరేకుల కోసమే, కానీ నేను తినడం కన్నా చూడటమే ఎక్కువసేపు చేశా. బోర్లించిన కుండ కింద కొబ్బరాకులు మండుతుంటే, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని ఆవిడ కుండ మీద ఇలా ఒక్కసారి లాగుతుంది, అంతే, రేకు లేచి వచ్చేస్తుంది, అవతల పెట్టిన చెయ్యి కనపడేంత పల్చన. పక్కన ఇంకొకావిడ తడిగుడ్డ మీద రేకు పరిచి, నెయ్యి రాసి, పంచదార చల్లి, రెండు అంచులూ లోపలికి, తర్వాత పొడుగ్గా, చక్కా మడిచేస్తోంది. ఒక్క రేకూ చిరగలేదు. ఎన్నేళ్లుగా చేస్తున్నారండీ అంటే "పెళ్లయి వచ్చిన కాడ్నించీ అండి" అంది. నేను మూడేళ్లుగా కాగితం మడుస్తున్నా, ఇప్పటికీ నాలుగో మడత దగ్గర మూల పక్కకి పోతుంది.

ఊరు చేరేసరికి పదకొండయింది. మండువా చుట్టూ చాపలు పరిచి ఉన్నాయి, అప్పటికే ఏడెనిమిది మంది కూర్చున్నారు. బండారులంకలో మగ్గం నేసే ఇంటి కుర్రాడు, నర్సాపురం నుంచి లేసు అల్లే ఒక అక్క, అమలాపురంలో డిగ్రీ చదివే పిల్ల, విజయవాడ నుంచి సైన్ బోర్డులు రాసే అన్న, కాకినాడ నుంచి భార్యాభర్తలు. అమ్మమ్మగారు అందరికీ కాఫీలు ఇస్తూ "కాగితం పడవలు చేస్తారా అమ్మా" అని అడిగారు. దాదాపు అంతే అండి అన్నా.

మొదటిరోజు కొత్తవాళ్లకి ఒక్క కాగితంతో ఎనిమిది పేజీల పుస్తకం చెయ్యడం చూపించాం. షీటుని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గళ్లు వస్తాయి, విప్పి, మధ్య మడత మీద నడిమి రెండు గళ్ల పొడుగునా ఒక్క కోత కోసి, పొడుగ్గా మడిచి రెండు చివరలూ లోపలికి నొక్కితే పుస్తకం దానంతటదే విచ్చుకుని మూసుకుంటుంది. కుట్టక్కర్లేదు, జిగురక్కర్లేదు. పై వరసలో పేజీలు తలకిందులుగా రాయాలన్నదే కొంచెం తికమక. మొదటిసారి అది విచ్చుకున్నప్పుడు మొహాలు చూడాలి, ఆ నేత కుర్రాడైతే మళ్లీ విప్పి మళ్లీ మడిచి, నాలుగుసార్లు చేసుకున్నాడు.

అట్టలకి రంగు కాగితాలు ఎక్కడివో చెప్పాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊళ్లలో ప్రభలు కడతారు కదా, వెదురు చట్రం మీద కొత్త బట్టలు, రంగు కాగితాలు, పూలు, గంటలు. అలా కట్టగా మిగిలిన ఎరుపూ పసుపూ ఆకుపచ్చ కాగితాలు పక్కవీధి వాళ్లు చుట్టలు చుట్టి ఇచ్చారు. పదకొండు రుద్రుల ప్రభలు చేరే తీర్థం అది, ఆ కాగితం మీద కత్తెర పెట్టేముందు అమ్మమ్మగారు ఒకసారి కళ్లకద్దుకోమన్నారు, అందరం అద్దుకున్నాం.

మధ్యాహ్నం కంద బచ్చలి కూర, ఆవ పెట్టి. దాని గురించి ఇంకో రోజు రాస్తా.

సాయంత్రం అంబాజీపేటలో జిరాక్స్‌కి వెళ్తే షాపు కుర్రాడు అలవాటుగా "సింగిల్ సైడా, బ్యాక్ టు బ్యాకా అండి" అన్నాడు. ఒరిజినల్ చూపించగానే అతనికి ఉత్సాహం వచ్చేసింది. మూడు కాపీలకే మిషన్ కాగితం నమిలేసింది, కాలవ పక్క ఊళ్లలో కాగితం చెమ్మ లాగుతుంది, గట్టిగా ఉండదు, అందుకని అతను కాగితం కట్ట విప్పి మిషన్ మీదే వెచ్చగా ఉండేచోట పావుగంట పెట్టి మళ్లీ వేశాడు, ఇంక ఆగలేదు. ఇంకో సంగతి కూడా అక్కడే తేలింది. మిషన్ నాలుగు వైపులా అంచు కొంచెం వదిలేస్తుంది, ఇంగ్లీషు అక్షరాలకైతే పెద్ద బాధ లేదు, తెలుగులో వత్తులన్నీ లైను కిందకి వేలాడతాయి కదా, డిగ్రీ పిల్ల రాసిన "అమ్మమ్మ"కి వత్తు పోయి "అమమ" అయింది, "కొబ్బరి"కి బ వత్తు పోయింది. సన్న పెన్నుతో రాసిన తలకట్లు కూడా సగం ఎగిరిపోయాయి. తెలుగులో చేసేవాళ్లు కింద వేలెడు ఖాళీ వదలాలి, పెన్ను లావుగా ఉండాలి, ఇది మాత్రం రాసిపెట్టుకోండి. ఆ పిల్ల రాత్రి కూర్చుని రెండు పేజీలు మళ్లీ రాసింది.

ఆ రెండు పేజీల గురించే రెండో రోజంతా నడిచింది. తను చేస్తున్నది 1996 నవంబరు 6 తుఫాను మీద. అప్పటికి తను పుట్టలేదు, వాళ్లమ్మకి పదకొండేళ్లు. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసింది, ఇంటి పెంకులు పక్షుల్లా లేచిపోవడం, బడి మేడ మీద ఊరంతా ఒకళ్ల మీద ఒకళ్లు కూర్చోవడం. పదహారు పేజీలు, పేజీకొక కొబ్బరిచెట్టు, పేజీ తిప్పే కొద్దీ చెట్టు ఇంకొంచెం వంగుతుంది. నడిమి రెండు పేజీల్లో ఏమీ లేదు, అడుగున అన్నీ పడిపోయిన మొద్దులు, పైన ఒక్క లైను. "పొద్దున్న లేచేసరికి ఆకాశం ఎక్కువైపోయింది." కొబ్బరితోటల కింద పుట్టి పెరిగిన మనిషి తప్ప ఇంకెవరూ ఆ మాట అనలేరు. లేసు అక్క చదివి పుస్తకం మూసి చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది.

పదహారు పేజీలంటే నాలుగు షీట్లు, మధ్యలో కుట్టాలి. ఏ షీటు మీద ఏ పేజీలు వస్తాయో తేల్చుకోవడానికి చిన్న లెక్కుంది, పక్కపక్కన పడే రెండు పేజీల నంబర్లు కలిపితే ఎప్పుడూ పదిహేడే రావాలి, పదహారు పక్కన ఒకటి, రెండు పక్కన పదిహేను. స్టేపుల్ వేద్దామంటే ఇక్కడి గాలికి ఆర్నెల్లలో తుప్పు పట్టి కాగితానికి మరకలొస్తాయి. నేత కుర్రాడు ఇంటి నుంచి పడుగు పోగులు తెచ్చాడు, మైనం ముక్క మీద రెండుసార్లు లాగి ఇచ్చాడు, దబ్బనంతో మూడు చిల్లులు పొడిచి, మధ్య చిల్లులోంచి లోపలికి, పైదాంట్లోంచి బయటికి, కింద దాంట్లోంచి లోపలికి, మళ్లీ మధ్యకి, ముడి. ముప్ఫై కాపీలు అందరం కలిసి కుట్టాం. ఎవరి పుస్తకమో చూడలేదు, దారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు కుట్టారు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే, నేను రాయని పుస్తకానికి నా చేత్తో ముడి వెయ్యడం.

సాయంత్రం మార్చుకోవడం మొదలైంది. డబ్బుల్లేవు, నీదొకటి ఇస్తే నాదొకటి. లేసు అక్క జీన్‌కి ప్రతి అట్ట మీదా ఒక చిన్న లేసు పువ్వు కుట్టి ఉంది, ఒక్కో పువ్వుకి అరగంట పడుతుంది అంది. దానికి బదులు నా జిరాక్స్ ఒకటి ఇవ్వడానికి చెయ్యి రాలేదు, రెండు ఇవ్వబోతే ఒకటే తీసుకుంది.

అప్పుడు వచ్చారు మాస్టారు. అమ్మమ్మగారికి వరసకి తమ్ముడు, రిటైరైన తెలుగు పండితుడు. చంకలో పాత పంచె ముక్కలో చుట్టిన పుస్తకం. విప్పితే లిఖిత పత్రిక! 1975 నాటిది, ఆయన పనిచేసిన హైస్కూల్లో పిల్లలతో చేయించింది. ఠావు కాగితాల మీద నీలం సిరాతో ఒకే కుర్రాడి గుండ్రటి రాత, అట్ట మీద నీటిరంగుల్లో గోదావరి, తెరచాప పడవ. ఉడికించిన మైదా జిగురులో మైలుతుత్తం కలిపి అతికించారట, అందుకే ఇన్నేళ్లయినా పురుగు ముట్టలేదు. ఉన్నది ఒక్కటే కాపీ.

"సైక్లోస్టైల్ ఉండేది కదా మాస్టారూ, ఒక్కటే ఎందుకు చేశారు" అని అడిగా.

"ఆ మిషను ప్రశ్నపత్రాలకే అమ్మా. మాకు స్టెన్సిల్ కాగితాలు ఎవరిస్తారు. ఒక్కటే చేసేవాళ్లం, ఇల్లిల్లూ తిరిగి వచ్చేది."

చివర నాలుగు పేజీలు అభిప్రాయాలకని ఖాళీగా వదిలారు, ఖాళీ ఎక్కడా మిగల్లేదు. ఊరంతా అక్కడే ఉంది. ఒకాయన ఛందస్సు తప్పు పట్టాడు. ఒకావిడ, కొంకర్లు పోయే అక్షరాలతో, "కత బాగుంది. పిల్లోడు చచ్చిపోకుండా ఉంటే ఇంకా బాగుండును" అని రాసింది, పక్కనే పసుపు వేలిముద్ర. ఆ పేజీలు నేను మూడుసార్లు చదివా, అసలు కథ కన్నా ముందు.

మాస్టారు మావన్నీ ఓపిగ్గా చూశారు, తుఫాను పుస్తకం దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చివరికి నాది చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి అడిగారు. "బాగున్నాయమ్మా. చదివినవాడు ఎక్కడ రాస్తాడు?"

ఎవరం మాట్లాడలేదు. మూడేళ్లలో ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు, ఎన్ని కాపీలు వేశాను, ఎన్ని పంచాను అన్నదే లెక్క. అప్పుడు సైన్ బోర్డుల అన్న నా చేతిలోంచి జీన్ తీసుకుని మడతలన్నీ విప్పి చాప మీద పరిచాడు. ఒక్క వైపే కదా జిరాక్స్. వెనక్కి తిప్పితే షీటంతా తెల్లగా, ఏమీ లేకుండా ఉంది. "ఇదుంది కదండీ మాస్టారూ" అన్నాడు. మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. ఆ మూల మీద తారీఖు వేసి, "ధనియాలకు వత్తు పెట్టమని మీ అమ్మగారితో చెప్పవద్దు" అని రాసి సంతకం పెట్టి, మడతలు తప్పకుండా మళ్లీ మడవడం నన్నడిగి నేర్చుకుని, వెనక్కిచ్చారు.

మూడో రోజు తిరుగు ప్రయాణం నర్సాపురం వైపు. పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర కాసేపు ఆగాం, కింద వైనతేయ పాయ, పైన తొట్టిలో కాలవ నీళ్లు, ఒకదాని మీద ఇంకొకటి పారుతుంటాయి. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే అవతలే నర్సాపురం. బళ్లు, ఆటోలు, అరటి గెలలు, మనుషులు, అన్నీ ఒకే బల్ల మీద. నేనూ లేసు అక్కా కలిసి తలా నాలుగు జీన్‌లు పంచాం. టికెట్లు కోసే అతను నిలబడే చదివేశాడు, ఒక ముసలాయన "ఎంతండి" అని అడిగి ఊరికే అనగానే నమ్మకుండా చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. వశిష్ట పాయ మధ్యలో గాలికి ఒక పిల్లాడి చేతిలో కాపీ నీళ్లలో పడింది, వాడు ఏడవబోతే ఇంకోటిచ్చా.

నర్సాపురంలో రైలెక్కేసరికి నా దగ్గర మాస్టారు రాసిన కాపీ ఒక్కటే మిగిలింది. అది దాచుకుందామనే అనుకున్నా. భీమవరంలో ఎక్కిన ఒకావిడ ఎదురు సీట్లో కూర్చుని నా చేతిలో ఉన్నది చూసి "ఏంటమ్మా అది, చిన్నపిల్లల పుస్తకమా" అంది. ఇచ్చా. డబ్బాల బొమ్మలు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ చూసింది. విప్పి వెనక చూడమన్నా. మాస్టారి రాత చదివి నవ్వి, పెన్నుందా అంది. ఆకివీడు దాటి, కైకలూరు దాటి రాస్తూనే ఉంది, వాళ్లింట్లో ఆవకాయ జాడీ మీద అత్తగారి అక్షరాలు ఇంకా ఉన్నాయట, అత్తగారు పోయి తొమ్మిదేళ్లట, ఆ జాడీ తోమేటప్పుడు ఆ చీటీ తడవకుండా తోముతుందట.

గుడివాడలో దిగేటప్పుడు వెనక్కివ్వబోయింది. ఇంకా ఖాళీ ఉందండీ, పక్కింటివాళ్లకివ్వండి అన్నా. బ్యాగులో పెట్టుకుని దిగింది.