టాప్ దించగానే బేస్ ఎటు పోతోంది? కన్వర్టబుల్‌లో సబ్‌ఊఫర్ పెట్టించుకున్న నా అనుభవం

నాది నాలుగు సీట్ల కన్వర్టబుల్, గుడ్డ టాప్. టాప్ మూసి ఉన్నంతసేపూ పాటలు బాగానే వినిపించేవి. దించి రోడ్డెక్కితే మాత్రం పాట కింద నేల లేనట్టు ఉండేది. గొంతు వస్తుంది, వయొలిన్ వస్తుంది, మృదంగంలో కుడిచేతి పలుకు కూడా టంగుమని వస్తుంది. ఎడమవైపు సాగే బరువైన నాదం, అదే గుమ్కీ, మాత్రం గాలిలో కలిసిపోతుంది. ఈ కారు కొన్నదే టాప్ దించి తిరగడానికి. సరిగ్గా అప్పుడే పాట సగమైపోతుంటే చాలా బాధగా ఉండేది.

మొదట చాలామంది చేసేదే చేశాను. రెడీమేడ్ సీల్డ్ బాక్సులో (అన్నివైపులా గాలి పోకుండా మూసినది) 12 అంగుళాల ఊఫర్, దాన్ని నడపడానికి 500 వాట్ల మోనో ఆంప్లిఫైయర్ (ఆంప్) డిక్కీలో పెట్టించాను. నా పాత సెడాన్‌లో అలాంటి బాక్సే ఉండేది, దానికి వెనక అద్దం వణికేది. ఇక్కడ వణికింది నంబర్ ప్లేటు ఒక్కటే. కారు పక్కన నడిచేవాళ్లకి దబదబ వినిపిస్తోంది, స్టీరింగ్ దగ్గర కూర్చున్న నాకు వినిపించట్లేదు.

ఒక సాయంత్రం కారు ఆపి, టాప్ దించి, 50 హెర్ట్జ్ టోన్ (ఆగకుండా మోగే ఒకే కింది స్వరం) పెట్టి తమ్ముణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాను. నేను వెనక్కి వెళ్లి డిక్కీ మూత మీద అరచెయ్యి ఆనించాను. రేకు తేనెపట్టులా జుమ్మంటోంది. ఎలా ఉందిరా అని అడిగితే, "ఎక్కడో వీధి చివర జెనరేటర్ నడుస్తున్నట్టుంది అన్నయ్యా, అంతే" అన్నాడు. వెనక సీట్ల మధ్య ఆర్మ్‌రెస్ట్ వెనకాల, పొడుగు సామాన్లు దూర్చడానికి ఒక చిన్న తలుపు ఉంటుంది. స్కీ హ్యాచ్ అంటారు. దాన్ని తెరిచి, పై అంచున ఒక నూలు పోగు అతికించి వేలాడదీశాను. టోన్ 30కి దించేసరికి ఆ పోగు పోగులా లేదు, పల్చటి విసనకర్రలా గాలిలో ఒక పొర కనిపించింది. "ఇప్పుడొచ్చింది అన్నయ్యా, వీపుకి తగులుతోంది" అని తమ్ముడు వెనక్కి తిరిగాడు. తలుపు మూస్తే పోయింది, తెరిస్తే వచ్చింది. నాలుగైదుసార్లు అలాగే చేసి చూశాం. డిక్కీలో బేస్ కావలసినంత ఉంది, సీట్ల దగ్గరికి రావడానికే దారి లేదు.

సెడాన్‌లో వెనక సీటుకీ డిక్కీకీ మధ్య ఎక్కువగా ఉండేది స్పాంజి, గుడ్డ, పల్చటి ట్రే. పొడవాటి అలలకి అవి అడ్డే కాదు. కన్వర్టబుల్‌కి ఇనుప పైకప్పు ఉండదు కాబట్టి బాడీ మెలితిరగకుండా ఆ చోట గట్టి రేకుగోడ పెడతారు. దాని మీదుగా మడిచిన టాప్ కూర్చునే గుంత ఒకటి. శబ్దం ఈ రెండూ దాటి రావాలి.

రెండో నష్టం నాకు ఆలస్యంగా అర్థమైంది. మూసిన కారులో బేస్‌కి ఊరికే కొంత సాయం దొరుకుతుంది. కేబిన్ పొడవు రెండున్నర మీటర్లు అనుకుంటే, దానికి రెట్టింపు పొడవున్న అల 5 మీటర్లది, అంటే సుమారు 69 హెర్ట్జ్. అంతకంటే కిందికి వెళ్లేకొద్దీ అల పట్టడానికి చోటు చాలదు, కేబిన్‌లో గాలి మొత్తం ఒకేసారి ఒత్తుకుని వదులుతుంది. ఒక్కో ఆక్టేవ్ కిందికి వెళ్తే, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, లెక్క ప్రకారం 12 డెసిబెల్స్ దాకా పెరుగుదల. నిజం కార్లలో అక్కడక్కడా గాలి కారుతుంది కాబట్టి కొంత తక్కువ వస్తుంది. దీన్నే కేబిన్ గెయిన్ అంటారు. టాప్ దించిన మరుక్షణం ఆ గది గదే కాకుండా పోతుంది, ఈ సాయం మొత్తం పోతుంది. దాని మీద గాలి హోరు. ఆ హోరులో బలమంతా కింది స్వరాలలోనే ఉంటుంది, అది కప్పేసేది కూడా వాటినే. పైగా మన చెవికి కింది స్వరాలు సహజంగానే తక్కువ వినిపిస్తాయి. ఫ్లెచర్, మున్సన్ 1933లోనే దీన్ని గీతలు గీసి చూపించారు.

ఇవన్నీ తెలిశాక నా లక్ష్యం మారింది. మూసిన కారులో 25, 30 హెర్ట్జ్ దాకా దిగాలని ఆశపడతాం. టాప్ దించినప్పుడు ఆ లోతు కోసం పోరాడటం దండగ. డ్రమ్ము దెబ్బ, బేస్ గిటార్, మృదంగం ఎడమవైపు నాదం, వీటి బరువంతా ఇంచుమించు 45 నుంచి 120 మధ్యలో ఉంటుంది. ఆ ముక్క బలంగా, దగ్గర నుంచి రావాలి.

బాక్సు లేకుండా గోడకే ఊఫర్ బిగించే పద్ధతి ఒకటుంది, ఫ్రీ ఎయిర్ అంటారు. డిక్కీ మొత్తం బాక్సులా పనిచేస్తుంది కాబట్టి సామాన్లకి చోటు మిగులుతుంది. అయితే డిక్కీకీ కేబిన్‌కీ మధ్య ప్రతి సందూ మూసుకుపోవాలి. నా కారులో టాప్ గుంత చుట్టూ అది కుదరదు, వదిలేశాను. సీటు కింద పెట్టే పల్చటి 8 అంగుళాల సబ్ స్నేహితుడి కారులో విన్నాను. ఒంటికి దగ్గరగా ఉండటం వల్ల బాగుంది. కానీ కన్వర్టబుల్‌లో నేల ఎప్పుడైనా తడుస్తుంది, పైగా టాప్ దించి వేగం పెంచితే దాని శక్తి చాలలేదు. మాజ్డా ఎంఎక్స్-5 లాంటి రెండు సీట్ల కార్లవాళ్లు పక్క సీటు కాళ్ల దగ్గర బాక్సు పెట్టించుకుంటారు. డిక్కీతో సంబంధమే లేని కారుకి అంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం, బేస్ ముందు నుంచి వస్తుంది. మా ఇంట్లో ముందు సీటు అమ్మది. ఆవిడ కాళ్లు చాపుకునే చోటు తీసుకోవడం నాకిష్టం లేదు. ఇక మిగిలింది నూలు పోగు చూపించిన దారే, హ్యాచ్ గుండా.

బాక్సు సీల్డా, లేక గాలి వచ్చిపోవడానికి పోర్టు అనే గొట్టం ఉన్న పోర్టెడా అన్న దగ్గర బాక్సులు చేసే ఆయనకీ నాకూ పెద్ద చర్చే జరిగింది. "సార్, నీట్‌గా కొట్టాలంటే సీల్డే. పోర్టెడ్ అయితే బూమ్ బూమంటుంది" అన్నాడు. మూసిన కారుకి ఆ మాట సబబే. సీల్డ్ బాక్సు కిందికి వెళ్లేకొద్దీ ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది, కేబిన్ గెయిన్ దాదాపు అంతే పైకి లేపుతుంది, రెండూ కలిస్తే గీత సమంగా వస్తుంది. నా దగ్గర ఆ లేపేది లేదు. పోర్టెడ్ బాక్సు ట్యూన్ చేసిన చోట, అంటే పోర్టు బాగా పలికే స్వరం దగ్గర, గాలిని ఎక్కువగా కదిలించేది పోర్టే, ఊఫర్ కోన్ (ముందుకీ వెనక్కీ ఊగే గరాటు) తక్కువే ఊగుతుంది, అదే ఆంప్‌తో ఎక్కువ శబ్దం వస్తుంది. నష్టమూ ఉంది. ట్యూనింగ్ కిందికి వెళ్తే ఆక్టేవ్‌కి 24 చొప్పున జారిపోతుంది, అక్కడ కోన్‌కి ఆసరా పోయి అదుపు తప్పి ఊగుతుంది. అందుకే మరీ కింది స్వరాలని ఆపేసే సబ్‌సోనిక్ ఫిల్టర్ తప్పనిసరి. ఇదంతా చెప్పాక ఆయన కాసేపు ఆలోచించి, "అయితే పోర్టు పెద్దది పెడదాం సార్, చిన్నదైతే ఊళ వేస్తుంది" అన్నాడు. ఆ మాట బంగారం. పోర్టులో గాలి వేగం సెకనుకి 17 మీటర్లు దాటకుండా చూసుకోమని డిజైన్ చేసేవాళ్లు చెప్పేది ఈ ఊళ గురించే.

ఇంకా పెద్ద ఆంప్ కొనాలా అన్న ఆలోచన కూడా వచ్చింది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. ఆరుబయట దూరం సగం తగ్గిస్తే 6 పెరుగుతుంది. అందుకని డబ్బు ఆంప్ మీద పెట్టకుండా ఊఫర్‌ని వీపుకి దగ్గరగా తేవడం మీద పెట్టాను.

ఊఫర్ కాగితం మీద ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని మూడు అంకెలు ఉంటాయి. ఊఫర్‌కి ఎలాంటి బాక్సు సరిపోతుందో లెక్కకట్టడానికి వాడే, థీల్, స్మాల్ అనే ఇద్దరి పేరు మీద పిలిచే కొలతలు ఇవి. వాటిని విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి చాలా రాత్రులు గడిపాను. 12 అంగుళాల దానికి కోన్ వైశాల్యం 480 చదరపు సెంటీమీటర్ల చిల్లర, 10కి సుమారు 330. మనసు పెద్దదాని మీదికే పోయింది. కానీ అది అడిగేంత పోర్టెడ్ బాక్సు టాప్ దించాక నా డిక్కీలో పట్టదు. చివరికి ఎక్కువ ఊగగల 10 అంగుళాల ఊఫర్, 40 లీటర్ల బాక్సు, ట్యూనింగ్ 38 హెర్ట్జ్ దగ్గర తేలింది.

కొలతల దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. డిక్కీని టాప్ మూసి ఉండగా కొలిచాను. బాక్సు వచ్చింది, చక్కగా కూర్చుంది. టాప్ దించడానికి బటన్ నొక్కితే సగంలో ఒక మొద్దు చప్పుడు. టాప్ గుంత అడుగున ఉండే సంచి డిక్కీలోకి వేలాడుతూ దిగి బాక్సు మూల మీద ఆనింది. వెంటనే వేలు తీశాను కాబట్టి మోటారుకీ గుడ్డకీ ఏమీ కాలేదు. చెయ్యి వణికింది, నిజం. బాక్సు మళ్లీ చేయించాల్సి వచ్చింది. ఈ పని తలపెట్టేవాళ్లకి ఒక్క మాట: టాప్ పూర్తిగా దించి, ఆ తర్వాతే టేపు పట్టండి. టాప్ దిగుతూ మధ్యలో ఎంత కిందికి వస్తుందో ఒక అట్టముక్క పెట్టి చూసుకోండి.

రెండోసారి ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసే పలక) వద్దన్నాను. కన్వర్టబుల్ డిక్కీలో చెమ్మ చేరుతుంది, మొదటి బాక్సు అడుగు అంచు అప్పటికే రొట్టెలా ఉబ్బింది. ఈసారి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపలా బయటా వార్నిష్. ఊఫర్, పోర్టు రెండూ ఒకే ముఖం మీద, హ్యాచ్ వైపు తిరిగి ఉంటాయి. ఆ ముఖం ముందు చిన్న మెడ లాంటి చట్రం, దాని అంచుకి తలుపులకి వేసే రబ్బరు బీడింగ్. బాక్సు ముందుకి తోసి పట్టీలు బిగిస్తే బీడింగ్ నలిగి రేకుకి అతుక్కుంటుంది. ఎక్కడైనా సందు ఉందేమోనని అగరుబత్తి పొగ పట్టి చూశాను. ఎడమ మూల దగ్గర పొగ లోపలికి వెనక్కి ఊగింది. అక్కడ ఇంకో వరస బీడింగ్ వేశాక నిలిచింది.

వైరింగ్‌లో చెప్పుకోవాల్సిందల్లా 4 గేజ్ రాగి తీగ, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్. ఆంప్ గెయిన్ (ఎంత బలంగా పంపాలో తిప్పి పెట్టే మీట) చెవితో పెట్టుకోలేదు. 2 ఓమ్స్ మీద 400 వాట్లు కావాలి కాబట్టి 28.3 వోల్టులు వచ్చేదాకా మల్టీమీటర్ చూసుకుంటూ తిప్పి ఆపాను.

డోర్ల సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు సగం ఫలితం అక్కడే వచ్చింది. డోరు రేకు లోపల వణుకుని ఆపే బరువైన బ్యూటైల్ రబ్బరు షీట్లు అతికించి, పెద్ద రంధ్రాలన్నీ మూసి, ఆరున్నర అంగుళాల మంచి మిడ్‌బేస్ స్పీకర్లు గట్టి రింగుల మీద బిగించాం. రేకు మీద వేలితో కొడితే ఇదివరకు డబ్బాలా మోగేది, ఇప్పుడు టక్కుమని ఆగుతుంది. సబ్‌కీ డోర్లకీ మధ్య కోత 80 హెర్ట్జ్ దగ్గర, అంటే దానికి కిందివి సబ్‌కి, పైవి డోర్లకి. ఇంకా పైకి పెడితే బేస్ వెనక నుంచి వస్తోందని చెవికి తెలిసిపోతోంది.

ఒక్కో స్వరం బలాన్ని విడిగా సర్దే డీఎస్పీ అనే ఎలక్ట్రానిక్ పెట్టెలో రెండు సెట్టింగులు పెట్టుకున్నాను, ఒకటి టాప్ మూసినప్పటికి, రెండోది దించినప్పటికి. తల ఉండే చోట మైక్ పెట్టి కొలిస్తే రెండు గీతలూ రెండు వేర్వేరు కార్లవి అన్నట్టున్నాయి. మూసినప్పుడు 60 కింద బాగా తగ్గించాల్సి వచ్చింది, లేకపోతే పాటంతా బురదే. దించినప్పుడు 50 నుంచి 100 దాకా కొంచెం లేపాను. సబ్‌సోనిక్ రెండింటికీ 30 దగ్గరే.

మొన్న పొద్దున్న టాప్ దించి తమ్ముడూ నేనూ బయల్దేరాం. వేగం 60 దగ్గర మృదంగం ఎడమవైపు గుమ్కీ సాగుతూ వచ్చి నడుముకి తగిలింది. ఇద్దరం మాట్లాడుకోలేదు, అదే ముక్క వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నాం. 90 దాటితే గాలిదే పైచేయి, అక్కడ వాల్యూమ్ పెంచకుండా వదిలేస్తున్నాను, చెవులు ముఖ్యం. మిగిలిన చిక్కల్లా వెనక సీట్లది. హ్యాచ్ పక్కనే కూర్చున్నవాళ్లకి బేస్ మరీ ఎక్కువ తగులుతోంది. వాళ్ల కోసం సబ్ కొంచెం తగ్గించిన మూడో సెట్టింగు మీద ఇప్పుడు పని చేస్తున్నాను.