జింజా నుంచి ఆమదాలవలసకు

ఉగాండా వెళ్ళేటప్పుడు మూడు నెలల ముందు నుంచే హడావిడి పడ్డాను. పాస్‌పోర్టు, వీసా, విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ వాళ్ళ దగ్గర ఎల్లో ఫీవర్ సూది, అక్కడి ప్లగ్గులకు సరిపోయే పిన్ను దాకా అన్నీ కాగితం మీద రాసుకుని టిక్కులు పెట్టుకున్నాను. తిరిగి రావడానికి మాత్రం ఏమీ రాసుకోలేదు. సొంత ఇంటికి రావడానికి తయారవడం ఏమిటి అనుకున్నాను.

నేను కుట్టుపని నేర్పుతాను. మాది ఆమదాలవలస దగ్గర చిన్న క్రైస్తవ సంఘం. ఉగాండాలో జింజా అనే ఊళ్ళో ఒక చర్చివాళ్ళు ఆడపిల్లలకు కుట్టు నేర్పుతున్నారు, పది వారాలు వచ్చి సాయం చేస్తారా అని తెలిసినవాళ్ళ ద్వారా అడిగారు. టికెట్టు ఖర్చులో సగం పైన మా స్త్రీల సమాజమే ఇచ్చింది. మావాళ్ళు అన్నం వండే ముందు కడగబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ చర్చికి వస్తాయి. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు అది. కూలికి వెళ్ళే ఇళ్ళ డబ్బాలు కూడా అందులో ఉన్నాయని నాకు తెలుసు.

ఇంకో సంగతి. మా వైపు మిషనరీ అంటే బయటి నుంచి వచ్చేవాడే. కెనడా నుంచి వచ్చి సోంపేటలో కళ్ళ ఆపరేషన్లు చేసిన గల్లిసన్ డాక్టరు గారి గురించి మా నాయనమ్మ కథలా చెప్పేది. ఇక్కడి నుంచి వెళ్ళి, తిరిగొచ్చినవాళ్ళు ఏం చెప్పాలో నాకు చూపించినవాళ్ళు లేరు.

ముంబైలో దిగగానే ఇమ్మిగ్రేషన్ కంటే ముందు హెల్త్ డెస్కు. ఉగాండా నుంచి వస్తే ఎల్లో ఫీవర్ సూది వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు చూపించాలి. సూది వేయించుకుని పది రోజులు దాటి ఉండాలి. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్లో పెట్టొచ్చు. నా ముందున్నతను కార్డు పెద్ద సూట్‌కేసులో పెట్టేశానన్నాడు. సూట్‌కేసేమో ఇమ్మిగ్రేషన్ దాటాక గానీ రాదు. అతన్ని పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు, తర్వాత ఏమయ్యాడో తెలీదు. నా కార్డు చేతి సంచిలో, బైబిల్లో కీర్తనల మధ్య ఉంది. భక్తితో పెట్టింది కాదు, మడత పడకుండా ఉంటుందని పెట్టాను.

అక్కణ్ణించి కోణార్క్ ఎక్స్‌ప్రెస్. విజయనగరం దాటాక కిటికీలోంచి తాటిచెట్లు కనిపిస్తుంటే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. నిద్ర వచ్చింది.

ఏడుపు మూడో రోజు పొద్దున వచ్చింది, చోడి (రాగి) అంబలి దగ్గర. మా అత్తమ్మ గిన్నెలో పోసి, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టింది. జింజాలో ‘కలో’ అని పెడతారు. చోడిపిండి వేడినీళ్ళలో కలియబెట్టి, చిన్న బుట్టలో ముద్దగా పెట్టి మూత వేసి తెస్తారు. మన చోళ్ళు అసలు ఆ తూర్పు ఆఫ్రికా మెట్టల్లో పుట్టిన పంటేనట. మొదటిరోజు ఆ బుట్ట మూత తీసినప్పుడు వచ్చిన వాసనా, మా ఇంటి గిన్నె వాసనా ఒకటే. అక్కడ ఇల్లు గుర్తొచ్చి బెంగపడ్డాను, ఇక్కడ అది గుర్తొచ్చి బెంగ. “ఏటే, మిరపకాయ కారమా?” అంది అత్తమ్మ. అవునన్నాను.

తర్వాత జ్వరం. అక్కడున్నన్ని రోజులూ మలేరియా మాత్ర వేసుకున్నాను గానీ, ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలని డాక్టరు చెప్పిన మాట మరిచిపోయి వచ్చిన రోజే ఆపేశాను. తొమ్మిదో రోజు చలి పట్టుకుంది. ఆస్పత్రిలో వైరల్ జ్వరమని మాత్రలు రాయబోతుంటే, ఉగాండా నుంచి వచ్చానండీ అన్నాను. డాక్టరుగారు పెన్ను కింద పెట్టేశారు. రక్తం తీశారు, మలేరియా లేదని వచ్చింది. ఒక్కసారి లేదంటే సరిపోదని మర్నాడు, ఆ మర్నాడు కూడా తీశారు. మూడుసార్లూ లేదు. అయినా ఆ మూడు రోజుల టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు. మీరూ ఎప్పుడైనా అటు వెళ్ళొస్తే, జ్వరం రాగానే ముందు ఆ మాట చెప్పండి. అడిగేదాకా ఆగకండి.

కానీ నన్ను అసలు భయపెట్టింది జ్వరం కాదు, ఆదివారం చర్చిలో లేచి నా అనుభవం చెప్పాల్సిన సాక్ష్యం.

పాస్టరు గారు ప్రొజెక్టర్ తెప్పిస్తాను, ఫొటోలు ఇవ్వమ్మా అన్నారు. ఇచ్చాను. శుభ్రంగా తల దువ్వుకుని, నీలం యూనిఫాం వేసుకుని, మిషన్ల ముందు కూర్చున్న పిల్లలు. చూసిన ఒకాయన, “వీళ్ళు బాగానే ఉన్నారే, ఇంకా వేరే ఫొటోలు లేవా?” అన్నాడు. వేరే అంటే ఏవో నాకర్థమైంది. ఎముకలు తేలిన పిల్లలు, ఈగలు. బియ్యం డబ్బాల వాళ్ళకు కూడా అవే చూపిస్తే సులువు, ఇచ్చింది వృథా పోలేదనిపిస్తుంది. రెండు రాత్రులు అదే ఆలోచన. నిజం చెబితే వాళ్ళ మనసు కష్టపడుతుందేమో, చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

నిజమేమిటంటే, అక్కడి పిల్లలకు కుట్టడం ముందే వచ్చు. జింజా బజార్లో అరుగు అరుగునా కాలి మిషన్లే. వాళ్ళ టీచరమ్మ చెయ్యి నా చెయ్యి కంటే చురుకు. నేను స్కూలు యూనిఫాంల కటింగు చెప్పబోతే, మొదటి వారంలోనే నా కొలత తప్పుందని ఒక పిల్ల నవ్వుతూ చూపించింది. పైగా అక్కడి ఆడవాళ్ళు పెళ్ళికీ చర్చికీ వేసుకునే ‘గోమేసి’కి ఆ పేరు గోమ్స్ అనే గోవా దర్జీ మీదుగా వచ్చిందట. చదరపు మెడ, భుజాల మీద మొనదేలిన చేతులు, మెడకు ఎడమ పక్కన రెండు గుండీలు, నడుముకు పెద్ద పట్టీ. మనవాడొకడు ఎప్పుడో వెళ్ళి కుట్టి చూపించినచోటికి, నేను పాఠం చెప్పడానికి బయల్దేరానన్నమాట. చివరికి నాలుగో వారం నుంచి వాళ్ళే నాకు గోమేసి నేర్పారు.

ఆదివారం లేచి నిలబడి ఇదంతా చెప్పాను. అక్కడ కూడా ‘యేసు’నే అంటారని, పాటలో ఆ ఒక్క మాట పట్టుకుని పది వారాలు పాడానని చెబితే నవ్వారు. గోమేసి దగ్గరకొచ్చేసరికి నిశ్శబ్దం. అయిపోయాక వెనక చాప మీంచి ఒక మామ్మ, సమాజంలో అందరికంటే పెద్దావిడ, అడిగేసింది.

“అయితే ఆలకి కుట్టడం వొచ్చేటి?”

“వచ్చు మామ్మా.”

“మరి నువ్వెందుకెల్నావే?”

పాస్టరమ్మగారు ఆవిణ్ణి ఆపబోయారు. నాకు మాత్రం, ఈ ప్రశ్న నేను తప్ప ఇంకొకరు బయటికి అన్నందుకు ఛాతీ మీంచి బరువు దిగినట్టయింది. “వెళ్ళాకే తెలిసింది మామ్మా” అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. ఆవిడ కాసేపు ఆగి, “ఆ గౌను కుట్టడం మాకు సూపిస్తావా?” అంది.

లెక్క కూడా అదే రోజు అప్పజెప్పాను. టికెట్టు రసీదులు, సూది మందు రసీదు, అన్నీ. మిగిలింది నలభై వేలు. ఉగాండా షిల్లింగులు లెండి, మన డబ్బుల్లో వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. శ్రీకాకుళంలో రెండు చోట్ల అడిగితే ఈ నోట్లు మేం మార్చం అన్నారు. కోశాధికారి వదిన పుస్తకంలో ‘మారని సొమ్ము’ అని రాసి, నోట్లను ఒక ఖాళీ బియ్యం డబ్బాలో పెట్టింది.

బుధవారం మధ్యాహ్నాలు ఇప్పుడు ఏడెనిమిది మంది వస్తున్నారు. పాత నేతచీర ఒకటి కోసి మొదటి గోమేసి మొదలుపెట్టాం. చేతుల మొన నిలబడడం లేదు. లోపల గట్టి గుడ్డ వేయాలని టీచరమ్మ వాట్సాప్‌లో ఫొటో పంపింది. మామ్మ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, నా చేతిలోంచి కత్తెర తీసుకుని, కుట్లు విప్పుతోంది.